కవర్ లెటర్‌కు జవాబు రావట్లేదా? తిరగరాసే ముందు ఇవి చూడండి

"అన్నా, ఈ లెటర్ కాస్త మార్చి పెట్టవా, ఎన్ని కంపెనీలకు పంపినా ఒక్కరూ పలకట్లేదు" అని వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఒకటే. లెటర్ సంగతి తర్వాత, ముందు ఫోన్‌లో సెంట్ బాక్స్ తెరువు. ఆ మాట వాళ్లకు నచ్చదు. ఇంగ్లీషు బాగాలేదనో, మాటల్లో బరువు చాల్లేదనో వాళ్ల టెన్షన్. విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి నేను చూసిన లెటర్లలో ఇంగ్లీషు వల్ల పోయినవి తక్కువే. చదివే మనిషిదాకా సరిగ్గా చేరక పోయినవే ఎక్కువ. అయినా ప్రతి ఒక్కరూ లెటర్‌నే తిరగరాస్తారు, పంపిన మెయిల్‌ను మాత్రం తెరిచి చూడరు.

కవర్ లెటర్ అంటే ఏమిటో, ఎన్ని పేరాలుండాలో మీకు తెలుసనే అనుకుంటున్నా. రాసి పంపాక తేడా కొడితే ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం.

లక్షణం: ఎక్కడికి పంపినా ఉలుకూ పలుకూ లేదు

ముందు ఇన్‌బాక్స్‌లో "అడ్రస్ నాట్ ఫౌండ్" అని తిరిగొచ్చిన మెయిల్ ఏదైనా పడి ఉందేమో చూడండి. ప్రకటనలో డాట్ ఇన్ అని ఉంటే చేతి అలవాటుగా డాట్ కామ్ కొట్టేవాళ్లు చాలామందే. తిరిగొచ్చిన ఆ మెయిల్‌ను ప్రకటన అనుకుని తుడిచేసేవాళ్లు ఇంకా ఎక్కువ.

తర్వాత డ్రైవ్ లింకు. రెజ్యూమెను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లెటర్ కింద లింకు ఇస్తారు. మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ ఖాతా మీదే. అవతలి మనిషికి మాత్రం "రిక్వెస్ట్ యాక్సెస్" అని వస్తుంది. ముందు వరుసగా ఇంకెన్నో దరఖాస్తులు పెట్టుకుని కూర్చున్న మనిషి మీ అనుమతి అడిగి, మీరు ఇచ్చేదాకా ఆగడు. షేర్‌లోకి వెళ్లి "ఎనీవన్ విత్ ద లింక్" అని మార్చండి. అంతకంటే మంచిది, పీడీఎఫ్‌నే నేరుగా జతచేయండి. జీమెయిల్‌లో జతచేసేవాటికి పరిమితి 25 ఎంబీ. లెటర్, రెజ్యూమె కలిపినా అందులో మూలకు కూడా రావు.

మెయిల్ లోపల ఖాళీగా వదిలేసి, లెటర్‌ను ఫైల్‌గా మాత్రమే పెట్టడం ఇంకో తప్పు. లెటర్ సారాన్ని నాలుగైదు వాక్యాల్లో మెయిల్‌లోనే రాయండి. సబ్జెక్ట్‌లో "జాబ్ అప్లికేషన్" అని ఊరుకోకుండా ఏ ఉద్యోగమో, మీ పేరేమిటో, ఎప్పటి నుంచి చేరగలరో పెట్టండి. ప్రకటనలో కోడ్ నంబర్ ఏదైనా ఇస్తే సబ్జెక్ట్‌లో అది ఉండి తీరాలి.

టూ గడిలో అన్ని కంపెనీల అడ్రసులూ వరసగా పేర్చి ఒకేసారి పంపారా? అయితే కారణం వెతకనక్కర్లేదు. అందులో ప్రతి ఒక్కరికీ మిగతా అందరూ కనిపించారు.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా నిశ్శబ్దమేనా? అయితే కింది భాగం కాస్త నిదానంగా చదవండి.

అసలు దొంగ: సీనియర్ ఇచ్చిన వర్డ్ ఫైల్

మన దగ్గర కవర్ లెటర్ ఎవరూ ఖాళీ పేజీ మీద మొదలుపెట్టరు. హాస్టల్‌లో అక్కో, పక్క వీధి అన్నో వాట్సాప్‌లో పంపిన వర్డ్ ఫైల్ ఉంటుంది. అది వాళ్లకు వాళ్ల సీనియర్ ఇచ్చింది. దాన్ని తెరిచి పేరు, కాలేజీ, ఫోన్ నంబర్, మెయిల్ మార్చి సేవ్ చేస్తారు. లేదంటే నెట్ సెంటర్‌లో ఇస్తారు, అక్కడా అంతకు ముందు వచ్చినవాళ్ల ఫైల్ మీదే పేరు మారుస్తారు. చూడ్డానికి మొత్తం మీదే. లోపల మాత్రం పాత మనిషి ఇంకా ఖాళీ చేయలేదు.

కానూరు వైపు ఒక కాలేజీలో ఈసీఈ చివరి ఏడాది చదివే అమ్మాయి విషయంలో ఇదే జరిగింది. లెటర్ బాగుంది, ప్రాజెక్టు గురించి సూటిగా రాసింది, తప్పుల్లేవు. వారాలు గడిచినా ఎవరూ పిలవలేదు. పీడీఎఫ్‌లో తన మెయిల్ అడ్రస్ మీద నొక్కితే ఏ అడ్రస్‌కు మెయిల్ తెరుచుకుంటుందో చూడమన్నా. సీనియర్ అడ్రస్ వచ్చింది. పైకి కనిపించే అక్షరాలు ఈ అమ్మాయివి, వాటి అడుగున ఉన్న లింకు సీనియర్‌ది. కాలేజీ ప్లేస్‌మెంట్ వాళ్లు అందరి పీడీఎఫ్‌లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి పంపారు కాబట్టి, కంపెనీల వాళ్లు రిప్లై కొట్టడానికి ఈమె మెయిల్ అంటూ ఏదీ లేదు. పీడీఎఫ్‌లో అడ్రస్ నొక్కి రాశారు. ఆ జవాబులు వెళ్లి సీనియర్ కాలేజీ మెయిల్‌లో పడ్డాయి. ఆమె బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ తెరవడమే మానేసింది. చివరకు తెరిపించి చూస్తే రెండు పిలుపులున్నాయి, రెండింటికీ గడువు దాటిపోయింది.

వర్డ్‌లో లింకు ఉన్న అక్షరాల మీద కొత్త అక్షరాలు కొడితే కనిపించే మాట మాత్రమే మారుతుంది. లింకు పాతదే ఉండిపోతుంది. లింక్డ్ఇన్, గిట్‌హబ్ లింకులకూ ఇదే వర్తిస్తుంది. మీ పేరు కింద నొక్కితే ఇంకెవరి ప్రొఫైలో తెరుచుకుంటే, చూసినవాళ్లు పొరపాటు అనుకోరు, మోసం అనుకుంటారు.

రెండోది ఇంకా కనిపించనిది. వర్డ్ ఫైల్‌కు లోపల టైటిల్, ఆథర్ అని రెండు గడులుంటాయి. ఫైల్ పేరు మార్చినా అవి మారవు, పీడీఎఫ్ చేసినప్పుడు దాంతోపాటే వెళ్తాయి. ఆ పీడీఎఫ్‌ను క్రోమ్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద కనిపించేది మీరు పెట్టిన ఫైల్ పేరు కాదు, లోపలి టైటిల్. మీ లెటర్ చదువుతున్న మనిషికి పైన వేరే కంపెనీ పేరో, వేరే అబ్బాయి పేరో కనిపిస్తూ ఉంటుంది. మీ ఫోన్‌లో మీకు అది కనిపించకపోవచ్చు.

మూడోది లోపలి మాటలు. సీఏ చదివేవాళ్లు ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్ కోసం రాసిన లెటర్లో "3 ఏళ్ల ఆర్టికల్‌షిప్ పూర్తి చేయాలనుకుంటున్నాను" అని ఈమధ్య కూడా చూశా. 2023 జూలై 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో అది 2 ఏళ్లే. గవర్నర్‌పేటలో ఆఫీసున్న ఏ ఆడిటర్‌కైనా ఆ ఒక్క అంకె చూస్తే చాలు, ఇది ఎవరి లెటరో ఎత్తి రాసిందని తెలిసిపోతుంది. కరోనా రోజుల ఫైల్ నుంచి వచ్చిన "ఇంటి నుంచి పనిచేయడానికి సిద్ధం" అనే వాక్యం, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు రాసిన లెటర్లో కూడా కనిపించింది. లారీ బాడీ ఇంట్లో ఎలా కడతాడో మరి.

దీనికి మందు పాత ఫైల్‌ను శుభ్రం చేయడం కాదు, వదిలేయడం. కొత్త ఖాళీ డాక్యుమెంట్ తెరవండి. పాత లెటర్ నుంచి నిజంగా కావాల్సిన వాక్యాలు ఉంటే, పేస్ట్ చేసేటప్పుడు "కీప్ టెక్స్ట్ ఓన్లీ" ఎంచుకోండి. లింకులు అక్కడే రాలిపోతాయి. మెయిల్, లింక్డ్ఇన్ అడ్రసులు మీ చేత్తో కొట్టండి. తర్వాత ఫైల్, ఇన్ఫోలోకి వెళ్లి టైటిల్‌లో మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి, ఆథర్ కూడా మీరే ఉన్నారో లేదో చూడండి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో చేస్తే ఆథర్ దగ్గర ఆ షాపు పేరు పడొచ్చు. టైమ్ లేదు, పాత ఫైలే వాడాలి అంటారా? మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కండి, లింకులన్నీ మామూలు అక్షరాలైపోతాయి. టైటిల్ గడి మాత్రం అప్పుడు కూడా మీరే మార్చాలి.

ఆ తర్వాత పీడీఎఫ్ చేసి, మీకు మీరు కాకుండా ఇంట్లో ఇంకెవరికైనా పంపండి. వాళ్ల ఫోన్‌లో తెరిచి ప్రతి లింకూ నొక్కండి. వీలైతే కంప్యూటర్‌లో క్రోమ్‌లో తెరిచి పైన ట్యాబ్ చదవండి. రెండు నిమిషాల పని. "అంతా చూశానన్నా" అంటారు గానీ, దీన్ని నిజంగా చేసి వచ్చినవాళ్లు చాలా అరుదు.

ఇదే జాతికి చెందినది ఇంకొకటుంది. ఒక కంపెనీకి పంపిన మెయిల్‌నే ఫార్వర్డ్ కొట్టి పేరు మార్చి ఇంకో కంపెనీకి పంపడం. పాత మెయిల్ వివరాలు కింద అలాగే ఉండిపోతాయి, మీరు గమనించరు. అంతకు ముందు ఎవరికి పంపారో అవతలివాళ్లకు మొత్తం బయటపడుతుంది. ప్రతిసారీ కొత్త మెయిల్ తెరవండి.

లక్షణం: జవాబు వచ్చింది, కానీ "వివరాలు పంపండి" అని ఆగిపోయింది

వాళ్లకు కావాల్సింది లెటర్లో లేదు. ఇంటర్న్‌షిప్ అయితే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజంతా రాగలరా లేక క్లాసులయ్యాకా, కాలేజీ నుంచి లెటర్ తెస్తారా అన్నవి ముందే రాయండి. ఉంటున్న ఊరు రాయండి. మంగళగిరిలో ఉండి గన్నవరం కంపెనీకి రాస్తే, రోజూ ఎలా వస్తారో ఒక్క మాట చెప్పండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" లాంటివి బయోడేటా అలవాట్లు, తీసేయండి.

ఇంకో వాక్యం కూడా తీసేయాలి. మన రాష్ట్రంలో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక, సగం లెటర్లు "మా సిలబస్‌లో ఉంది కాబట్టి" అని మొదలవుతున్నాయి. అది నిజమే కావచ్చు. చదివేవాడికి మాత్రం సర్టిఫికెట్ కోసం వచ్చాడనే వినిపిస్తుంది. ఆ సంగతి చివర్లో, తేదీల పక్కన చెప్తే సరిపోతుంది.

లక్షణం: లెటర్ చదివారు, బాగుందన్నారు, ముందుకు మాత్రం కదల్లేదు

ఇది రాతలోని లోపం. లెటర్ అంతా మీ గురించే ఉంది, వాళ్ల పని గురించి ఏమీ లేదు. "యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్" అన్నచోట ఏ కంపెనీ పేరు పెట్టినా నడుస్తుందంటే, ఆ లెటర్ ఎవరికీ రాసింది కాదు.

గుంటూరులో బీకాం అబ్బాయి ఒకడు మిర్చి ఎగుమతి చేసే సంస్థకు రాశాడు. మొదటి లెటర్లో కష్టపడే తత్వం, టీమ్ వర్క్, త్వరగా నేర్చుకునే గుణం అన్నీ ఉన్నాయి. వాళ్ల నాన్న ఏటా మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే రైతు అన్నది మాత్రం లేదు. అడిగితే "అది రాస్తారా అన్నా" అన్నాడు. అదే రాయాలి. తేజ రకం మిర్చికీ 334 రకానికీ తేడా చేత్తో పట్టుకుని చెప్పగలడు, రంగు పోయిన తాలు కాయను ఎలా వేరు చేస్తారో చిన్నప్పటి నుంచి చూశాడు, సరుకు దాస్తే కోల్డ్ స్టోరేజీ ఇచ్చే బాండు అంటే ఏమిటో తెలుసు, ట్యాలీలో జీఎస్టీ ఇన్‌వాయిస్ ఎక్కించగలడు. ఈ నాలుగూ ఇంగ్లీషులో మూడు మామూలు వాక్యాల్లో పెట్టాం, కష్టపడే తత్వం తీసేశాం. ఇంకో సవరణ కూడా చేశాం. యార్డు కొనుగోళ్లు నేర్చుకోవడానికి మే నెలలో వస్తానని రాశాడు. మామూలుగా మే నెలలోనే యార్డుకు వేసవి సెలవులు మొదలవుతాయి. సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి అని మార్చాడు. ఆ తేదీలు చూస్తేనే ఈ కుర్రాడికి పని తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

మీ ఇంట్లో మిర్చి లేకపోవచ్చు. ప్రకటనలో అడిగిన పనుల్లో రెండు తీసుకుని, ఒక్కోదానికి మీరు నిజంగా చేసిన పని ఒకటి పక్కన పెట్టండి. డిప్లొమా మెకానికల్ వాళ్లయితే ఏ మెషీన్ మీద ఏ పీసు చేశారో చెప్పండి. ఆడిట్ ఆఫీసుకైతే జూలై నుంచి సెప్టెంబర్ చివరిదాకా సెలవు లేకుండా రాగలనని రాస్తే, పన్ను రిటర్నుల హడావుడిలో ఉన్నవాళ్లకు మీ పర్సంటేజీ కంటే అదే ముందు కనిపిస్తుంది.

లక్షణం: ఇంటర్వ్యూలో లెటర్ మీద ప్రశ్న వేస్తే నోట మాట రాలేదు

చాట్‌జీపీటీ రాసింది, మీరు సంతకం పెట్టారు. దాని సాయం తీసుకోవడం తప్పు కాదు. కానీ మీరు నోటితో వాడని మాట లెటర్లో ఉండకూడదు. గట్టిగా చదవండి, నాలుక తడబడిన ప్రతి మాటా కొట్టేయండి. మీరు చేయని ప్రాజెక్టును అది చేర్చిందేమో కూడా చూడండి, చేరుస్తుంది.

మిగతావి

ఫాంట్ వల్లనో, ఉదయం కాకుండా రాత్రి పంపడం వల్లనో ఉద్యోగం పోయినవాళ్లను నేను చూడలేదు. స్పామ్‌లో పడటం ఉంటుంది, తక్కువ. మెయిల్ పేరు దగ్గర "స్వీట్ హనీ" అనో నాన్న పేరో వస్తుంటే ఖాతా సెట్టింగుల్లో మార్చుకోండి. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ లెటర్లను వడకడుతుందని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. మన ఊళ్లో మీరు రాసే చాలా ఆఫీసుల్లో తెరిచేది మనిషే.

పంపాక జవాబు రాకపోతే వారం ఆగి, పాత మెయిల్‌కే రిప్లైగా రెండు వాక్యాలు పంపండి, కొత్త లెటర్ కాదు. చిన్న ఆఫీసుల వాళ్లు వాట్సాప్‌లో పంపమంటే పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి. స్క్రీన్‌షాట్ తీసి ఫోటోగా పంపితే అక్షరాలు అలికేసినట్టు అవుతాయి, అందులో ఏ లింకూ పనిచేయదు.