తిరుపతి కార్పొరేషన్‌కు సరుకు సప్లై చెయ్యాలంటే

తిరుపతిలో కొత్తవాళ్లు మొదట తడబడేది కొనే ఆఫీసు దగ్గరే. నగరపాలక సంస్థ, తుడా (పట్టణాభివృద్ధి సంస్థ), టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ నాలుగూ వేర్వేరు. ఒకరి షరతులు చూసి ఇంకొకరికి కాగితాలు సిద్ధం చేస్తే లాభం లేదు. ఇక్కడ చెప్పేది నగరపాలక సంస్థ సంగతి. ఉదాహరణకు బ్లీచింగ్ పౌడర్ తీసుకుందాం.

శానిటేషన్ విభాగం ఇండెంట్ (ఇంత సరుకు కావాలన్న కోరిక పత్రం) పెడుతుంది. అంచనా వేస్తారు, బడ్జెట్‌లో పద్దు చూస్తారు, మొత్తాన్ని బట్టి కమిషనరో, స్టాండింగ్ కమిటీయో, కౌన్సిలో మంజూరు చేస్తారు. ఆ తర్వాతే టెండరు ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌కు ఎక్కుతుంది. బిడ్ వెయ్యడానికి క్లాస్-3 డిజిటల్ సంతకం కావాలి. పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, డిజిటల్ సంతకం అన్నిటిలో సంస్థ పేరు ఒక్కలాగే ఉండాలి. ఒకచోట ‘ఎంటర్‌ప్రైజెస్’ అనీ ఇంకోచోట ‘ట్రేడర్స్’ అనీ ఉంటే టెక్నికల్ కవరులోనే (అర్హత కాగితాలు చూసే దశలోనే) పక్కన పెట్టేయొచ్చు, రేటు కవరు దాకా రాదు. టర్నోవర్ సర్టిఫికెట్ మీద చార్టర్డ్ అకౌంటెంట్ యూడీఐఎన్ నంబరు (సర్టిఫికెట్ అసలుదేనని సరిచూసే గుర్తింపు నంబరు) ఉందో లేదో చూసుకోండి. ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మీ సంస్థ ఖాతా నుంచే కట్టండి. గడువుకు లెక్క సర్వర్ గడియారమే. ఫైళ్లు ఎక్కించినంత మాత్రాన బిడ్ పడినట్టు కాదు, సబ్మిట్ చేసి రసీదు తీసుకోవాలి. సవరణ నోటీసు ఏమైనా వచ్చిందేమో ముందురోజు ఇంకోసారి చూడండి.

రేటులో ఫ్యాక్టరీ ధర, లారీ బాడుగ, హమాలీ మాత్రమే కాదు, బిల్లు ఆగే నెలల వడ్డీ కూడా వేసుకోండి. జీఎస్టీ కలిపి అడిగారా, విడిగా అడిగారా అన్నది షెడ్యూలులో చదవండి. ఎల్-వన్ (అందరికన్నా తక్కువ రేటు వేసినవాడు) కావాలని మరీ తగ్గించి వేసినవాళ్లు తర్వాత సరుకులో కోత పెడతారు, ల్యాబ్‌లో దొరికిపోతారు.

బ్లీచింగ్ పౌడర్‌లో అసలు చిక్కు క్లోరిన్. టెండరులో 33 శాతం అడిగారనుకోండి. ఎండకు, తేమకు అది రోజురోజుకూ పడిపోతుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డులో నిలవున్న బస్తా నుంచి తర్వాతెప్పుడో శాంపిల్ తీస్తే, మీరు మంచి సరుకే ఇచ్చినా ఫెయిల్ కావచ్చు. కాబట్టి లారీ దించే రోజునే, మీ ఎదుట, వేర్వేరు బస్తాల్లోంచి తియ్యమని అడగండి. గాలి చొరబడని సీసాల్లో మూడు భాగాలు చేసి, ఇరుపక్షాల సంతకాలతో సీలు వేయించండి: ల్యాబ్‌కు ఒకటి, ఆఫీసుకు ఒకటి, మీకొకటి. సీసాలోనూ క్లోరిన్ తగ్గుతుంది గనక ల్యాబ్‌కు పంపడంలో ఆలస్యం కానివ్వకండి. 10 టన్నులంటే 25 కిలోల బస్తాలు 400. ఆర్డరు ఒప్పుకుంటే విడతలుగా దించండి, తాజా బ్యాచ్ ఇవ్వండి, వేబ్రిడ్జి చీటీ దాచండి.

బిల్లుతో పాటు సప్లై ఆర్డరు నకలు, సంతకమైన చలాన్, ల్యాబ్ రిపోర్టు పెట్టాలి. స్టాకు రిజిస్టరులో ఎంట్రీ నంబరు, పేజీ నంబరు బిల్లు మీద రాయించుకోండి. అది లేకపోతే అకౌంట్స్‌లో అబ్జెక్షన్ వేసి ఫైలు వెనక్కి పంపుతారు, మళ్లీ మొదటి టేబుల్ నుంచి నడవాలి.

కాంట్రాక్టు విలువ, జీఎస్టీ మినహాయించి, 2.5 లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోంచే ముందుగా కోసే పన్ను) పట్టుకుంటారు. 4 లక్షల మీద అది 8,000. పోయిన డబ్బు కాదు. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్ క్రెడిట్‌ను అంగీకరిస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి (పన్ను కట్టడానికి పోర్టల్‌లో ఉండే ఖాతాలోకి) వస్తుంది. చాలామంది ఈ ఒక్క క్లిక్కు మర్చిపోతారు.

మీరు సొంతంగా తయారుచేసే సూక్ష్మ, చిన్న పరిశ్రమ అయితే సప్లైకి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న పరిశ్రమల అభివృద్ధి చట్టం) ప్రకారం ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ వెసులుబాటు లేదు, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. వాళ్లు బిల్లు ఆగే నెలల వడ్డీని రేటులోనే వేసుకోవాలి.