మన కంప్యూటర్ మనమే బాగుచేసుకుందాం – 6వ పాఠం: మౌస్ కదలనప్పుడు

కిందటి పాఠంలో కీబోర్డు శుభ్రం చేయడం నేర్చుకున్నాం. ఈసారి మౌస్. దగ్గర పెట్టుకోవలసినవి: ఒక తెల్ల కాగితం, కాస్త పొడి దూది, పనిచేస్తున్న మరో మౌస్. మూడోది లేకపోతే పక్కింటివారిని అడిగైనా తెచ్చుకోండి, అది చాలా అవసరం.

నాకు తెలిసిన ఒక డీటీపీ ఆపరేటర్ శుభలేఖ కూర్పు చేస్తుండగా తెర మీద బాణం ఉన్నచోటే నిలిచిపోయింది. కంగారులో సీపీయూ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. రెండు గంటల పని పోయింది. బాణం ఆగినంత మాత్రాన కంప్యూటర్ ఆగినట్టు కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే మౌస్ సంగతి తర్వాత, ముందు పనిని కాపాడుకోవాలి.

క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందంటే కంప్యూటర్ మీ మాట వింటోంది. వెంటనే కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కి ఫైలును భద్రపరచండి. దీపంలో మార్పే లేకపోతే కంప్యూటరే బిగుసుకుపోయి ఉండవచ్చు, మౌస్‌ను అనుమానించకుండా కొద్ది నిమిషాలు ఆగి చూడండి.

పని భద్రమయ్యాక మౌస్‌ను తిరగేయండి. అడుగున ఎర్రటి వెలుగు ఉందా? కొన్ని రకాల్లో కంటికి కనిపించని పరారుణ కాంతి వాడతారు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. మిగతావాటిలో వెలుగు లేదంటే కరెంటు అందడం లేదన్నమాట. ప్లగ్గు తీసి మరో యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టు వాడండి. గుండ్రటి పచ్చ ప్లగ్గున్న పాత మౌస్‌ను మాత్రం కంప్యూటర్ ఆపి, ప్లగ్గు బిగించి, మళ్లీ ఆన్ చేయాలి.

వెలుగు ఉండీ బాణం కదలడం లేదా? ఆ రంధ్రంలో చిన్న కెమెరా లాంటిది ఉంటుంది. అది కింది ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి కదలికను లెక్కిస్తుంది. గాజు బల్ల మీద దానికి పోల్చుకోవడానికి గుర్తులేమీ దొరకవు. కాగితం పరిచి, దాని మీద కదిపి చూడండి. రంధ్రంలో ఒక్క వెంట్రుక చిక్కుకున్నా బాణం వణుకుతుంది. దూదితో మెల్లగా తీయండి, తడి తగలనివ్వకండి.

వైర్‌లెస్ మౌస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తాయి. పక్క పోర్టులోని యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ నుంచి వచ్చే రేడియో రొద వాటికి అడ్డుపడగలదు, మౌస్ రిసీవర్‌ను (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న ముక్కను) దూరంగా పెట్టండి.

ఇంకా కదలకపోతే తెచ్చుకున్న మౌస్ పెట్టండి. అది పనిచేస్తే తప్పు మీ మౌస్‌ది. అదీ పనిచేయకపోతే తప్పు పోర్టుదో విండోస్‌దో. విండోస్ కీతో ఎక్స్ కలిపి నొక్కి వదిలి, యు, ఆర్ వరుసగా నొక్కండి. విండోస్ 10, 11లలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చాలామంది ఈ మార్పిడి చేసి చూడకుండానే కొత్త మౌస్ కొంటారు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఆ ఆపరేటర్ మౌస్‌లో తీగ లోపల తెగింది. మౌస్ నుంచి తీగ బయటికొచ్చే మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా వంచితే ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ కనిపించింది. రోజంతా లాగుడుకు మొదట తెగే చోటు అదే. లోపల నాలుగు సన్నని తీగలుంటాయి: రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. సమాచారపు తీగ తెగితే దీపం వెలుగుతూనే ఉండవచ్చు, బాణం మాత్రం కదలదు. తెగిన భాగం కత్తిరించి, రంగులు చూసుకుని టంకం వేస్తే మౌస్ మళ్లీ నడుస్తుంది.

ఈ వారం అభ్యాసం: మౌస్ ప్లగ్గు తీయకుండానే పక్కన పెట్టండి. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి, అడిగినప్పుడు ఎంటర్ కొట్టండి. కుడివైపు అంకెల్లో 8, 2, 4, 6 బాణాన్ని నడిపిస్తాయి, 5 క్లిక్ చేస్తుంది. అలా ఒక ఫోల్డర్ తెరిచి మూయండి. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ అయ్యే మౌస్ సంగతి 7వ పాఠంలో.