పక్కింటి గండుపిల్లి మీదికి వస్తుంటే

పక్కింటి పిల్లి మన గుమ్మంలో కూర్చుని గుర్రుమంటున్నా, మన పిల్లిని రక్కి పోతున్నా, చాలావరకు అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లి అయి ఉంటుంది. దానికి ప్రహరీ గోడలతో నిమిత్తం లేదు. మూత్రం చిమ్మి తన వాసన వేసుకున్న చోటల్లా తనదేనని అది భావిస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో అలాంటిదొకటి రోజూ తెల్లవారుజామున మా చెప్పుల స్టాండు మీద చేరి, పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన ప్రతివారినీ బెదిరించేది. ఒకనాడు మెట్ల తలుపు మూసి ఉన్నదని గమనించకుండా నేను చీపురుతో అదిలించగా, పారిపోయే దారి లేక అది నా పిక్కను పట్టుకున్నది. గదిలో పెట్టి కొడితే పిల్లయినా పులి అవుతుందన్న మాట ఎంత నిజమో ఆనాడు తెలిసింది.

కనుక మొట్టమొదట దానికి దారి వదలాలి. చెవులు వెనక్కి అణిగి, తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బి, ఒళ్లు పక్కకు తిప్పి బుసకొడుతున్న పిల్లి కళ్లలోకి సూటిగా చూడకూడదు, వీపు తిప్పి పరుగెత్తకూడదు. మెల్లగా వెనక్కి జరుగుతూ చాటో దిండో కాళ్లకు అడ్డుగా పెట్టుకోవాలి. రెండు పిల్లులు కలబడినప్పుడు మధ్యలో చేయి పెట్టడం కన్నా తెలివితక్కువ పని లేదు. స్టీలు పళ్లెం మీద గరిటెతో గట్టిగా మోగించినా, వాటి మీద మందపాటి దుప్పటి విసిరినా విడిపోతాయి. ఆ వెంటనే మన పిల్లిని ముద్దు చేయబోతే, ఆ కోపంలో అది మనల్నే కరవవచ్చు. కాసేపు ఒంటరిగా వదిలేయాలి.

కరిచినా రక్కినా, గాయాన్ని కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి వంటివి అద్దకూడదు. పిల్లి కోరలు సన్నగా, లోతుగా దిగడం వల్ల పైన చర్మం మూసుకుపోయి లోపల చీము పడుతుంది. కాటు చేతి వేళ్ల కీళ్ల దగ్గర పడితే మరీ ప్రమాదం కాబట్టి అదే రోజు వైద్యుడికి చూపించాలి. రేబిస్ టీకా, అవసరమైతే టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఇస్తారు. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కిస్తే, టీకాను చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లోనూ, కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లోనూ వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా దొరుకుతుంది. కరిచిన పిల్లిని 10 రోజులు గమనించడం మంచిదే గానీ, ఆ పేరుతో మొదటి సూదిని వాయిదా వేయకూడదు.

తరువాత అది మన ఇంటికే ఎందుకు వస్తున్నదో చూడాలి. చేపలు కడిగిన నీరు, బాల్కనీలో మన పిల్లి మిగిల్చిన అన్నం, ఆపరేషన్ చేయించని మన ఆడపిల్లి ఎదకు రావడం వంటివి ముఖ్యమైన ఆకర్షణలు. నైలాన్ దోమతెరను గోళ్లతో చీల్చేస్తుంది కాబట్టి కిటికీలకు స్టీలు మెష్ బిగించాలి. అది చిమ్మిన చోట వాసన పూర్తిగా పోవాలంటే ఎంజైమ్ క్లీనర్ వాడాలి. చాలామంది ఫినాయిల్ కుమ్మరిస్తారు, కలరా ఉండలు చల్లుతారు. ఈ రెండూ పిల్లులకు విషాలు, మన పిల్లికి కూడా.

ఇవన్నీ ఒక ఎత్తు, పక్కింటివారితో మాట్లాడటం ఒక ఎత్తు. కట్టు కట్టుకున్న కాలు చూపిస్తూ గుమ్మంలో అరిస్తే వారు పిల్లి పక్షమే వహిస్తారు. నేను రెండు రోజులు ఆగి, ఫోన్లో తీసిన వీడియోలతో సాయంత్రం వెళ్లి, "అక్కయ్యగారూ, దీని టీకా కార్డు ఒకసారి చూపిస్తారా? ఆపరేషన్ చేయిద్దామంటే నేనూ తోడు వస్తాను, ఖర్చులో సగం పెట్టుకుంటాను," అన్నాను. సగం డబ్బు మనమెందుకు ఇవ్వాలని మా ఇంట్లో గొణిగారు గానీ, టీకా కోసం తిరిగిన ఆటో ఛార్జీలతో పోలిస్తే అది నష్టమేమీ కాదు. ఆపరేషన్ అయినా హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు తెల్లవారుజామున పిల్లిని లోపలే ఉంచమని కోరాలి. ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న ముసలి పిల్లి హఠాత్తుగా తిరగబడితే మాత్రం పంటినొప్పో, థైరాయిడ్ సమస్యో ఉండవచ్చు కాబట్టి పశువైద్యుడికి చూపించమనాలి. చొంగ కారుస్తూ, తూలుతూ, కనబడినవారి మీదికల్లా వస్తుంటే దాన్ని ముట్టుకోకుండా మున్సిపాలిటీ వారికి తెలపాలి.

ఎంత చెప్పినా వినకపోతే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. పెంపుడు జంతువు వల్ల ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలిగే అవకాశమున్నా జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ వర్తిస్తుంది. అయితే కోపంతో విషం పెట్టిన వారికి 325వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలేసే పాత అలవాటు కూడా, అది తిండీ నీళ్లూ లేక మాడేలా చేస్తే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే. పైగా పిల్లి దారి వెతుక్కుని తిరిగి రావచ్చు. రాకపోతే ఖాళీ అయిన చెప్పుల స్టాండు మీదికి మరో గండుపిల్లి చేరుతుంది.