మట్టి పరీక్షకు అరకిలో చాలు

గట్టు పక్కన గుప్పెడు మట్టి తీసి పరీక్షకి ఇచ్చేసేవాణ్ణి. రిపోర్టుకీ పంటకీ పొంతన ఉండేది కాదు. ఇప్పుడు గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వదిలేసి, ఎకరంలో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల పైచెత్త గీకి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తీస్తున్నా. గుంట అంచున పైనుంచి కిందిదాకా ఒక చెక్కు తీసి ప్లాస్టిక్ టబ్బులో వేయాలి. గడ్డలు నలిపి, బాగా కలిపి, గుడ్డ మీద పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేయాలి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి కొత్త కవర్లో కట్టాలి. యూరియా సంచి అస్సలు వద్దు.

చేలో చౌడు మచ్చలుంటే మాత్రం ఇలా కుదరదు. తెల్లపొడి తేలిన చోటి మట్టి కలిసిందా, మొత్తం లెక్క తప్పుతుంది. దాన్ని విడిగా ఇవ్వండి.