మెడలోని కెరోటిడ్ ధమని చీలినప్పుడు చికిత్సను ఎలా నిర్ణయిస్తారు

మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే కెరోటిడ్ ధమని లోపలి పొర చిరిగితే, రక్తం గోడ పొరల మధ్యకు చొరబడి దారిని ఇరుకు చేస్తుంది. చిరిగిన చోట ఏర్పడే గడ్డ నుంచి ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. చిరుగు చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే మానుతుంది కనుక, అంతవరకు మెదడును కాపాడడమే చికిత్స ప్రధాన లక్ష్యం.

మూతి వంకరపోవడం, ఒక పక్క చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే, రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని గుర్తుపెట్టుకుని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటల లోపు ఇస్తారు; చీలిక మెడ భాగానికే పరిమితమైతే దాని కారణంగా ఈ ఇంజెక్షన్‌ను మానుకోనవసరం లేదు. మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోతే గొట్టం పంపి గడ్డను బయటకు లాగుతారు; దీనికి 6 గంటల వరకు, స్కాన్‌లో అనుకూలంగా కనిపించిన కొందరికి 24 గంటల వరకు అవకాశం ఉంటుంది. పక్షవాతం లేకపోయినా, మెడలో ఒకవైపు కొత్తగా నొప్పి మొదలై అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే తెల్లవారే వరకు ఆగకూడదు.

సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్‌తో చీలిక నిర్ధారణ అయ్యాక, గడ్డకట్టకుండా చూసే మందును ఎంచుకోవాలి. ఒక దారి, రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి ప్లేట్‌లెట్ మందులు. రెండోది హెపారిన్, వార్ఫరిన్ వంటి ప్రతిస్కందకాలు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను అడ్డుకునే మందులు. 250 మందితో జరిగి 2015లో వెలువడిన క్యాడిస్ అధ్యయనంలో పక్షవాతం మొదటి వర్గంలో ముగ్గురికి, రెండో వర్గంలో ఒక్కరికే వచ్చింది. ఇంత తక్కువ సంఖ్యలతో ఏది మేలో తేల్చలేము. 2021లో వెలువడిన ట్రీట్-క్యాడ్ అధ్యయనం కూడా ఆస్పిరిన్ ప్రతిస్కందకాలకు తీసిపోదని నిరూపించలేకపోయింది. కాబట్టి ఒక వైద్యుడు ఒకటి, మరొకరు ఇంకొకటి చెబితే ఎవరో ఒకరు తప్పని అనుకోనక్కరలేదు. ధమనిలో గడ్డ స్పష్టంగా కనిపిస్తే ప్రతిస్కందకం వైపు మొగ్గుతారు. మెదడు పెద్ద భాగం దెబ్బతిన్నా, చీలిక పుర్రె లోపలికి పాకినా, రక్తస్రావ భయంతో ప్లేట్‌లెట్ మందులకే మొగ్గు చూపుతారు. గర్భిణులకు వార్ఫరిన్ సాధారణంగా ఇవ్వరు.

ఈ మందులు సాధారణంగా 3 నుంచి 6 నెలలు వాడాలి. నొప్పి తగ్గిందని మధ్యలో సొంతంగా ఆపడం ప్రమాదకరం. వార్ఫరిన్ వాడేవారు రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ దాని విలువను 2–3 మధ్య ఉంచుకోవాలి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి కనుక పారాసిటమాల్ సరిపోతుందేమో వైద్యుణ్ణి అడగడం మంచిది.

స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేయించుకుంటే పని త్వరగా అయిపోతుందని కుటుంబసభ్యులు తొందరపడడం సహజమే కానీ, మందులు సక్రమంగా వాడుతున్నా లక్షణాలు తిరిగి వస్తున్నప్పుడు, మెదడుకు రక్తం చాలనప్పుడు, లేదా ధమని గోడ ఉబ్బి ఆ ఉబ్బు పెరుగుతున్నప్పుడే దాని గురించి ఆలోచిస్తారు. శస్త్రచికిత్స అవసరం ఇప్పుడు చాలా అరుదు.

గడువు ముగిసే ముందు మళ్లీ స్కాన్ తీసి, ధమని తెరుచుకుందో లేదో చూసి, మందు ఆపాలా, ఆస్పిరిన్ కొనసాగించాలా అన్నది నిర్ణయిస్తారు. అంతవరకు మెడను విరిపించుకోవడం, మెడకు దెబ్బ తగిలే ఆటలు, బరువులు ఎత్తే వ్యాయామాలు మానుకోవాలి.