రొమ్ము, గర్భాశయ క్యాన్సర్ ట్రయల్‌లో చేరాలంటే: బయాప్సీ బ్లాక్ నుంచి సంతకం దాకా

ట్రయల్ అంటే కొత్త చికిత్సను పేషెంట్లకు ఇచ్చి, పాతదానితో పోల్చి చూసే పరిశోధన. దాని గురించి అడగాల్సింది మొదటి చికిత్సకు ముందు. మన దగ్గర చాలామందికి ఆ మాట చెవిన పడేసరికి కత్తి పడిపోయి ఉంటుంది. రొమ్ములో గడ్డ కనిపించగానే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో కోసి తీసేస్తారు. ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించిందంటే గర్భసంచి తీసేస్తారు, తీశాక ముక్క పరీక్షలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని బయటపడుతుంది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. ముఖద్వార క్యాన్సర్ ట్రయల్స్ చాలావాటిలో గర్భసంచి అప్పటికే తీయించుకున్నవాళ్లను చేర్చుకోరు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మందుల మీద జరిగే రొమ్ము క్యాన్సర్ ట్రయల్‌కేమో కొలవడానికి గడ్డ ఒంట్లో ఉండాలి.

అందుకని గడ్డ అయితే ట్రూకట్ సూది బయాప్సీ, ముఖద్వారమైతే చిన్న పంచ్ బయాప్సీ చేయించండి. రిపోర్టు వచ్చేదాకా పెద్ద కోతకు ఒప్పుకోకండి. ఆ కొద్ది రోజుల్లో జబ్బు కొంప ముంచదు. రక్తస్రావం ఆగకపోతే సంగతి వేరు, వెంటనే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలి.

బయాప్సీ ముక్కను ల్యాబ్‌లో మైనంలో పోతపోసి బ్లాక్ చేస్తారు. రిపోర్టు కాగితం కన్నా దాని విలువ ఎక్కువ. ఈఆర్, పీఆర్ (రొమ్ము గడ్డ హార్మోన్ మందులకు లొంగుతుందా అని చెప్పేవి), హెర్2 (హెర్2 మందులు పనిచేస్తాయా అని చెప్పేది) పరీక్షలు మళ్లీ చేయాలన్నా, జన్యు పరీక్షకు పంపాలన్నా ట్రయల్ వాళ్లు అడిగేది బ్లాకే. ఒక దరఖాస్తు రాసి సంతకం పెడితే ల్యాబ్ వాళ్లు ఇస్తారు, పని అయ్యాక తిరిగిస్తామని రాయించుకుంటారు. రంగు వేయని స్లైడ్లు మాత్రమే ఇస్తామంటే, కోసిన తేదీ స్లైడు మీదో కవరు మీదో రాయించండి. 6 వారాలు దాటిన స్లైడ్ల మీద హెర్2, ఈఆర్ ఫలితాన్ని నమ్మడానికి లేదు. బ్లాకును చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది మధ్య పెట్టి చేతి సంచిలో తీసుకెళ్లండి. రోహిణి ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మైనం మెత్తబడుతుంది.

ముక్క తీసిన రోజే ఇంకో సంగతి కనుక్కోండి: దాన్ని ఫార్మలిన్‌లో వేశారా, ఎంతసేపు ఉంచారు? 10 శాతం బఫర్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలి. సెలైన్‌లో వేసి రాత్రంతా బల్ల మీద వదిలేసిన ముక్కలో ఈఆర్ తప్పుగా నెగటివ్ రావచ్చు. అప్పుడు ట్రయల్ చేజారడమే కాదు, హార్మోన్ మాత్ర కూడా అందకుండా పోతుంది.

స్కాన్ల విషయంలో ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి. చాలా ట్రయల్స్‌లో చేరే తేదీకి ముందు 28 రోజుల లోపు తీసిన స్కాన్‌నే లెక్కలోకి తీసుకుంటారు. గడ్డ కనీసం 10 మిల్లీమీటర్లు, లింఫ్ గ్రంథి అయితే అడ్డంగా 15 మిల్లీమీటర్లు ఉంటేనే కొలతకు పనికొస్తుంది. ఫిల్ము మీద ఈ కొలతలు తేలవు.

ఇక వెతకడం. మన దేశంలో మందుల ట్రయల్స్‌ను సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. సైట్ అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. జబ్బు పేరుతో వెతికితే వందల ఎంట్రీలు వచ్చి పడతాయి. వాటిని వడపోయడానికి జబ్బు కోడ్ పనికొస్తుంది: రొమ్ముకు సి50, గర్భాశయ ముఖద్వారానికి సి53, గర్భాశయానికి సి54, అండాశయానికి సి56. ఎంట్రీ తెరిచాక పైనుంచి చదువుకుంటూ రాకుండా ముందు రిక్రూట్‌మెంట్ స్టేటస్ చూడండి, తర్వాత ఏయే ఊళ్లలో జరుగుతోందో చూడండి, ఆ తర్వాతే ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు అన్న రెండు జాబితాలకు రండి. స్టేటస్‌ను పూర్తిగా నమ్మకండి. చేర్చుకోవడం ఆగిపోయినా కొందరు నెలల తరబడి మార్చరు. మీ ఊరి సెంటర్ దగ్గర రాసి ఉన్న డాక్టరు నంబరుకు ఫోన్ చేసి, స్టేజి, ఈఆర్-పీఆర్-హెర్2 ఫలితాలు, ఇప్పటిదాకా వాడిన మందులు, చివరి కీమో తేదీ ఒక్క నిమిషంలో చెప్పేలా కాగితం మీద రాసిపెట్టుకోండి.

స్క్రీనింగ్‌లో తిప్పి పంపే కారణాలు చిన్నవిగానే కనిపిస్తాయి. హిమోగ్లోబిన్ 9 లేదా 10 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువ, హెర్2 మందులైతే ఎకోలో గుండె పంపింగ్ 50 శాతానికి తక్కువ. రక్తస్రావంతో వచ్చే ముఖద్వార క్యాన్సర్ పేషెంట్లలో హిమోగ్లోబిన్ 7 ఉండటం మామూలే. రక్తం ఎక్కించాక ఎన్ని రోజులకు మళ్లీ పరీక్ష చేస్తారో ముందే అడగండి, కొన్ని ట్రయల్స్ ఎక్కించిన రక్తంతో వచ్చిన అంకెను ఒప్పుకోవు. నాటు మందులు, పసర్లు వాడుతుంటే దాచొద్దు. లివర్ ఎంజైములు పెరగడానికి అవీ ఒక కారణం, ట్రయల్ మధ్యలో పెరిగితే నింద కొత్త మందు మీద పడుతుంది.

సమ్మతి పత్రం దగ్గర మాత్రం తొందరపడకండి. అది తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీకివ్వాలి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చెబుతామనడానికి మీకు హక్కుంది. చదవడం రానివాళ్లయితే ఆసుపత్రికీ కంపెనీకీ సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి, వేలిముద్ర ఆ తర్వాతే. కొడుకో భర్తో సంతకం పెట్టేస్తే సరిపోదు. పేషెంట్ స్పృహలో, తెలివిలో ఉంటే ఒప్పుకోవాల్సింది ఆవిడే.

అడగాల్సినవి ఇవి. ట్రయల్‌లో లేకపోతే ఇదే స్టేజికి మీరు నాకేం ఇచ్చేవారు? కొత్త మందు ఇవ్వని రెండో గుంపుకు ఇచ్చేది ఆ మామూలు చికిత్సేనా, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర లేదా ఇంజెక్షన్) ఉంటే దానితో పాటు అసలు మందు కూడా ఉంటుందా? కొత్త మందు సరే, మామూలు కీమో, కరెంటు (రేడియేషన్), స్కాన్ల ఖర్చు ఎవరిది, ఆరోగ్యశ్రీ కింద వేస్తారా? ప్రయాణ ఖర్చు ఇస్తారా, ఎప్పుడు? ట్రయల్ అయ్యాక మందు పనిచేస్తుంటే కొనసాగిస్తారా? పిల్లలు కావాలనుకునేవాళ్లు అండాలను ముందే తీసి భద్రపరచడం గురించి అడగాల్సింది కూడా ఇప్పుడే, మొదటి సైకిల్ అయ్యాక అడిగి లాభం లేదు.

ఎవరికి కొత్త చికిత్స, ఎవరికి పాతది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. అది మిమ్మల్ని పాత చికిత్స గుంపులో వేస్తే నష్టపోయామనుకోకండి. ముంబై టాటా మెమోరియల్‌లో 633 మంది ముఖద్వార క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో, ముందు కీమో ఇచ్చి ఆపరేషన్ చేసిన గుంపులో 5 ఏళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 69.3 శాతం. పాత పద్ధతిలో కీమోతో పాటు కరెంటు పెట్టిన గుంపులో 76.7 శాతం. గెలిచింది పాతదే. మళ్లీ ముఖద్వార క్యాన్సర్ మీదే జరిగి 2024లో వెలువడిన ఇంటర్‌లేస్ ట్రయల్‌లో, కరెంటుకు ముందు 6 వారాలు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇస్తే 5 ఏళ్లకు బతికున్నవాళ్లు 72 నుంచి 80 శాతానికి పెరిగారు, అందులో మన దేశపు పేషెంట్లూ ఉన్నారు. కొత్త మందే కావాలనీ లేదు. రొమ్ము ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్ అనే చవక మత్తు మందు ఎక్కించి చూసిన టాటా ట్రయల్ 2023లో వెలువడింది. 5 ఏళ్లకు బతికున్నవాళ్లు మామూలు గుంపులో 86.4 శాతం, లిడోకెయిన్ గుంపులో 90.1 శాతం.

చేరాక డైరీ ఇస్తారు, అందులో మాత్ర వేసుకున్న వేళ నిజంగా వేసుకున్నదే రాయండి. ఖాళీ స్ట్రిప్పులు పారేయొద్దు, లెక్క చూస్తారు. విజిట్ తేదీకి అటూ ఇటూ రెండు మూడు రోజుల వెసులుబాటే ఉంటుంది, సంక్రాంతికి ఊరెళ్లాలంటే కోఆర్డినేటర్‌కు ముందే చెప్పండి. వేరే జ్వరానికి ఊళ్లో డాక్టరు ఏం రాసినా వేసుకునే ముందు ఫోటో తీసి పంపండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడటం ప్రాణాంతకం, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. ఇమ్యునోథెరపీలో (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) రోజూ కంటే 4 సార్లు ఎక్కువ విరేచనాలయితే ఫోన్ చేయాలి. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే హెర్2 మందు మీద ఉంటే కొత్తగా మొదలైన పొడిదగ్గును చలిగాలికి వచ్చిందని వదిలేయొద్దు, ఊపిరితిత్తుల వాపు కావచ్చు.

తీవ్రమైన హాని జరిగితే, 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ డాక్టరు 24 గంటల్లో స్పాన్సర్‌కూ (ట్రయల్ నడిపించే కంపెనీ లేదా సంస్థ), ఎథిక్స్ కమిటీకీ (పేషెంట్ల హక్కులు, భద్రత చూసే కమిటీ), కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకూ తెలపాలి. హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా వైద్యం ఉచితం. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారానికి లెక్క ఉంది: 8 లక్షల రూపాయలను వయసు గుణకంతో, రిస్కు గుణకంతో హెచ్చవేసి 99.37తో భాగిస్తారు. ఎవరైనా నోటి మాటగా బేరం పెడితే ఒప్పుకోకుండా ఎథిక్స్ కమిటీకి ఫోన్ చేయండి, నంబరు సమ్మతి పత్రంలోనే ఉంటుంది.

మధ్యలో మానేయాలనిపిస్తే కారణం చెప్పాల్సిన పని లేదు, మామూలు వైద్యం ఆపే హక్కు వాళ్లకు లేదు. చెప్పాపెట్టకుండా మాత్రం మానకండి. చివరి పరీక్షలు చేయించుకుని, ట్రయల్ నంబరు, వాడిన మందులు, డోసులు, తేదీలు రాసిన సమ్మరీ తీసుకుని, మీ బ్లాకు ఎక్కడుందో కనుక్కుని రండి.