వరంగల్ ఎండల్లో గోల్ఫ్ గడ్డిని బతికించుకోవడం ఎలా

గోల్ఫ్ మైదానాల్లో బెర్ముడా అని పిలిచే గడ్డి మనకు కొత్తదేమీ కాదు. వినాయక చవితినాడు పూజకు తెంపుకొచ్చే గరికే అది. మైదానాల కోసం తయారైన సంకర రకాల ఆకు మరింత సన్నగా ఉన్నా స్వభావం మాత్రం దాదాపు అదే. ఇది 27 నుంచి 35 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది. వరంగల్, రామగుండం ప్రాంతాల్లో మే నెలలో పగలు 43, 44 డిగ్రీలకు చేరినా వేరుకు తడి అందితే చావదు. అందువల్ల ముందుగా చూసుకోవలసింది పైన ఉన్న పచ్చదనం కాదు, కింద తడి ఎంత లోతుకు దిగిందన్నది.

తొలి దెబ్బ కొట్టే చోటుకూ గుంతకూ మధ్య పరుచుకున్న పచ్చిక పట్టీని ఫెయిర్‌వే అంటారు. దానికి రోజూ కాసిన్ని నీళ్లు చల్లితే వేర్లు పైపైనే ఉండిపోయి, ఒక్కరోజు మోటారు ఆగినా గడ్డి వాడిపోతుంది. చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టే లెక్క. మండుటెండల్లో రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు ఖర్చవుతుందనుకుని, రెండు మూడు రోజుల అవసరాన్ని ఒకే తడిగా తెల్లవారుజామున ఇవ్వాలి. నల్లరేగడి నీటిని మెల్లగా పీల్చుకుంటుంది కనుక అరగంట విరామంతో రెండు విడతలుగా పెట్టాలి. చలక నేల తడిని ఎక్కువ రోజులు నిలుపుకోదు కనుక తడుల మధ్య ఎడం తగ్గించాలి. ఆ తర్వాత సన్నని ఇనుప చువ్వను గుచ్చితే 15 సెంటీమీటర్ల దాకా సులభంగా దిగాలి. స్ప్రింక్లర్ల మధ్య ఒకే కొలత గల ఖాళీ డబ్బాలు పెట్టి చూస్తే నీళ్లు ఎక్కడ తక్కువ పడుతున్నాయో తెలిసిపోతుంది. చాలాసార్లు ఎండిన మచ్చకు కారణం తెగులు కాదు, మూసుకుపోయిన నాజిలే.

గుంత చుట్టూ నున్నగా కోసి ఉంచే పచ్చికలైన గ్రీన్ల సంగతి వేరు. వాటిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకే కోస్తారు కనుక వేర్లు లోతుకు పోవు. ఆకు నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగినా, అడుగుల గుర్తులు పైకి లేవకుండా అలాగే నిలిచినా వెంటనే రెండు మూడు నిమిషాలు పలుచగా నీళ్లు చిలకరించాలి. మిట్టమధ్యాహ్నం నీళ్లు పడితే ఆకు కాలిపోతుందన్న భయం అనవసరం. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే మాత్రం ఆకు కొనలు మాడతాయి.

కోత ఎత్తును ఒకటి రెండు మెట్లు పెంచి, ఒకేసారి ఆకులో మూడో వంతుకు మించి కోయకుండా, బ్లేడును పదునుగా ఉంచుకోవాలి. నీటి కొరత ఉన్నప్పుడు యూరియా వేయకూడదు.

బోర్లు దిగిపోతే అన్నింటినీ సగం సగం తడపడం కంటే నీళ్లను గ్రీన్లకు, ఆపై టీలకు (తొలి దెబ్బ కొట్టే చోట్లకు) ఇచ్చి, ఫెయిర్‌వేను ఎండనివ్వడమే నయం. దాని మీద బండ్లు తిరగనీయకుండా, రెండు మూడు వారాలకొకసారి 12 మిల్లీమీటర్ల తడి ఇస్తే చాలు. ఎండిన కాడను గోటితో గీరినప్పుడు లోపల తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. పెళుసుగా విరిగితే మృగశిర వానలకు అక్కడ కొత్త పిలకలు నాటుకోవాలి.